నిజ్వాలో కొన్న వెండి తాయెత్తు, అమ్మ, చింతపండు

రువీ_గృహిణి:
మస్కట్ వచ్చి ఆరేళ్ళు. పోయిన శుక్రవారం నిజ్వాలో మేకల సంత చూసి, సూక్‌లో (అక్కడి బజారులో) ఒక పాత వెండి ‘హిర్జ్’ కొన్నాను. అరచేయంత పెట్టె, గొలుసు, కింద వరసగా చిరుగజ్జెలు. లోపల ఖురాన్ వాక్యాలు రాసిన కాగితం పెడతారట. మా అమ్మ చూడగానే "ఓస్, తాయెత్తేగా" అంది. నేను అలా బయటికెళ్ళి వచ్చేసరికి చింతపండుతో తోమేసింది! గాట్లలో నలుపంతా పోయి నిన్న కొన్న కుంకుమ భరిణెలా తయారైంది. పాడైనట్టేనా? ఇంకో డౌటు: గొలుసుకున్న నాణెం మీద 1780 అని ఉంది. నిజంగా అంత పాతదా?

నాణేలపిచ్చి:
ఆ సంవత్సరం చూసి మురిసిపోకండి మేడమ్. అది మరియా థెరీసా థాలర్. ఆస్ట్రియా మహారాణి 1780లో చనిపోయింది. తర్వాత ఎప్పుడు అచ్చు వేసినా అదే సంవత్సరం వేశారు, అరబ్బు వర్తకులకు ఆ బొమ్మ మీదే గురి. వియన్నా, రోమ్, లండన్‌లలో కొట్టారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన బొంబాయి టంకశాలలో కూడా. తూకం 28 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 833 పాళ్ళు. ఒమన్ కంసాలులు ఎక్కువగా వీటినే కరిగించి నగలు చేసేవారు. అందుకే పాత నగలో వెయ్యికి 925 పాళ్ళ వెండి రాలేదని షాపువాడితో గొడవ పడకండి.

జెడ్డా_బావ:
నేను అయస్కాంతం పట్టుకెళ్ళి మోసపోయాను. అంటుకోలేదు కదా అని ఒక ‘పాత యెమెన్’ కంకణం కొన్నా. తీరా చూస్తే జర్మన్ సిల్వర్, అందులో వెండి చుక్క కూడా ఉండదు! అయస్కాంతం ఇనుమును పట్టిస్తుంది, అంతే. అసలు యెమెన్ తీగపని చేసినవాళ్ళలో ఎక్కువమంది యూదులు. 1949-50లో దాదాపు అందరూ ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. పాత సరుకుకి ఆ గిరాకీ అందుకే.

కరీంనగర్_తీగ:
మా పెదనాన్నది వెండి తీగపని. రెండు సన్నటి తీగలు మెలిపెట్టి, సాగ్గొట్టి, చట్రంలో చుట్టలు చుట్టలుగా ఇరికించి, వెలిగారం వేసి టంకం పెడతారు. హిర్జ్ మీద తీగతోపాటు ఆవగింజంత వెండి గుండ్లు కూడా ఉంటాయి కదక్కా, భూతద్దం పెట్టి ఒకసారి చూడండి. నిజంగా అతికించినవైతే ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి. పోతపోసినవైతే అన్నీ ఒకే రకంగా, చుట్టూ అంచులు మొద్దుబారి ఉంటాయి. చింతపండు పులుసు టంకం సందుల్లో మిగలకుండా వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. నలుపు దానంతటదే మళ్ళీ వస్తుంది. ఈలోగా ఎవరో చెప్పారని అల్యూమినియం కాగితం, వంటసోడా ప్రయోగం మాత్రం చెయ్యకండి, మిగిలిన కాస్త నలుపూ పోతుంది.

పాతబస్తీ_పోరి:
మీది వెండి కాబట్టి బతికిపోయింది. మా ఇంట్లో బిద్రీ పాన్‌దాన్‌కి నేనూ చింతపండే పెట్టిన. బిద్రీ అంటే వెండి గిన్నె కాదు, జింకు. అందులో కొంచెం రాగి, పైన పొదిగింది మాత్రమే వెండి. నవసాగరంతో కలిపిన బీదర్ కోట మట్టి పూస్తేనే జింకు నల్లగైతది, వెండి తెల్లగనే ఉంటది. పులుపు తగిలితే జింకుని తినేస్తది. నాది మచ్చలు మచ్చలు అయింది, మా నానమ్మ రెండు రోజులు మాట్లాడలే. ఇప్పుడు కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తున్న, అంతే.

రువీ_గృహిణి:
థాంక్సండీ అందరికీ. భూతద్దంలో చూశాను తమ్ముడూ, గుండ్లు ఒకటి లావు, ఒకటి సన్నం! టెన్షన్ తగ్గింది. ఊపితే లోపల ఏదో గలగలమంటోంది, పక్కమూత తీసి చూడనా?

జెడ్డా_బావ:
బిగుసుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్ పెట్టకండమ్మా, అంచు నొక్కుకుపోతుంది.

రువీ_గృహిణి:
అమ్మ అసలు తియ్యనివ్వట్లేదు. "ఎవరి తల్లో కట్టిన తాయెత్తు, విప్పకూడదు" అని బీరువాలో పెట్టేసింది.