రూహ్ (ఆత్మ): దేవుడి అంశమా, దేవుడి సృష్టా?

చిత్తూరు చదువరి: మా వీధి దర్గాలో గంధం ఉత్సవం జరిగింది. సమాధికి గంధం పూసి, ఫాతెహా ప్రార్థన చదివి, చక్కెర పంచాక ఒక పెద్దాయన మాట్లాడారు. "తొలి మానవుడు ఆదమ్‌లో అల్లాహ్ ఊదింది తన రూహ్‌నే. కాబట్టి మనలో ఉన్నది ఆయన అంశమే" అన్నారు. మౌల్వీ సాబ్ ముఖం ముడుచుకుని చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఎవరి మాట నిలుస్తుంది?

కొండకింద వేదాంతి: పెద్దాయన మాటే. ఖురాన్ 15:29లో "నా రూహ్ నుంచి ఊదాను" అనే ఉంది. అంతకన్నా తేటగా ఎవరు చెబుతారు? "నేనే సత్యం" అన్నాడని చెప్పుకునే సూఫీ సాధకుడు హల్లాజ్‌కు 922లో బాగ్దాదులో మరణశిక్ష వేశారు. అది మన "అహం బ్రహ్మాస్మి" కాక మరేమిటి? సూఫీలది అచ్చమైన అద్వైతం.

మదరసాలో చదివినవాణ్ని: వేదాంతి గారూ, తిరుపతిలో ఉంటూ అద్వైతానికి ఇంత తొందరా! మీ కొండమీద నడిచే రామానుజ సంప్రదాయమే జీవుడూ దేవుడూ ఒకటేనంటే ఒప్పుకోదు కదా.

ఇక "నా రూహ్" సంగతి. 22:26లో కాబాను "నా గృహం" అన్నాడు. 91:13లో సాలిహ్ ప్రవక్త కాలంనాటి ఒంటె "అల్లాహ్ ఒంటె". ఒంటె దేవుడిలో భాగమని ఎవరూ అనరు. గౌరవం కోసం తనదని చెప్పుకోవడమది. 19:17 చూడండి: యేసు తల్లి మర్యమ్ దగ్గరికి "మా రూహ్‌ను" పంపామంటాడు. అక్కడ రూహ్ అంటే దేవదూత జిబ్రయీల్ అనే ఎక్కువమంది వ్యాఖ్యాతల మాట. దేవదూత కూడా సృష్టే.

కొండకింద వేదాంతి: ఒంటె ముందు దేవదూతలను సాష్టాంగపడమనలేదే! 15:29 చివర ఆదమ్ విషయంలో ఉన్నది ఆ ఆజ్ఞే. పైగా 17:85 రూహ్‌ను "నా ప్రభువు ఆజ్ఞ" అంటుంది. 7:54 సృష్టినీ ఆజ్ఞనూ వేర్వేరుగా చెప్పింది. రూహ్ ఆజ్ఞాలోకానిదని ఇస్లాం పండితుడు గజాలీ అంతటివాడే అన్నాడు.

మదరసాలో చదివినవాణ్ని: సాష్టాంగం మాట బరువైనదే, ఒప్పుకుంటాను. కానీ గజాలీని సగంలో వదిలేశారు. రూహ్ అనాది అనేవారు పొరబడ్డారని రాసింది కూడా ఆయనే. కొలతకూ పరిమాణానికీ అందనిది కాబట్టి ఆజ్ఞాలోకం అన్నాడు, సృష్టి కాదనలేదు. లాహోరులో సమాధి ఉన్న హుజ్విరీ పక్కా సూఫీ. రూహ్‌కు ఆది లేదన్నవారిని "కష్ఫుల్ మహ్‌జూబ్" గ్రంథంలో ఉతికి ఆరేశాడు. సూఫీలందరినీ హల్లాజ్ వెనక నిలబెట్టడం అన్యాయం.

సూఫీ సాధన అసలు పని మనలోని "నేను" అనే నఫ్స్‌తో. చెడుకు ఉసిగొల్పే నఫ్స్ 12:53లో, తనను తాను నిందించుకునేది 75:2లో, నెమ్మదించినది 89:27లో. ఉన్న మెట్లు ఎక్కకుండానే శిఖరం మనదేనని చెప్పుకోవడం ఏమిటి?

చిత్తూరు చదువరి: 17:85 చివర "మీకు ఇచ్చిన జ్ఞానం కొంచెమే" అని కూడా ఉంది, అది ఇద్దరూ దాటేశారు. సరే, 19:17 పెద్దాయన ముందు పెడతాను. సాష్టాంగం సంగతి మౌల్వీ సాబ్‌ను అడగాలి, ఆయన కోపం చల్లారాక.