రెండు ఛానెల్స్ ఉన్న ఎస్ఎంయూలో మాస్‌ఫెట్ టెస్ట్‌కి సెట్టింగ్స్ ఎలా పెట్టాలి?

అందరికీ నమస్కారం, మా ల్యాబ్‌లో రెండు ఛానెల్స్ సోర్స్ మెజర్ యూనిట్ (ఎస్ఎంయూ, వోల్టేజ్ ఇస్తూనే కరెంట్ కొలిచే పరికరం) ఉంది, దాంతో 2ఎన్7000 అనే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ ఔట్‌పుట్ కర్వ్స్ (డ్రెయిన్ వోల్టేజ్‌కి డ్రెయిన్ కరెంట్ గ్రాఫ్‌లు) తీయాలి. ఛానెల్ 1 గేట్‌కి ఇచ్చా, 2 నుంచి 4 వోల్ట్స్ వరకు స్టెప్స్, కరెంట్ లిమిట్ 1 మిల్లీ ఆంప్. ఛానెల్ 2 డ్రెయిన్‌కి, 0 నుంచి 10 వోల్ట్స్ స్వీప్, లిమిట్ 100 మిల్లీ ఆంప్స్. గేట్ వోల్టేజ్ పెంచేకొద్దీ పై కర్వ్స్ అన్నీ 100 మిల్లీ ఆంప్స్ దగ్గరే గీత గీసినట్టు ఆగిపోతున్నాయి, అది కంప్లయన్సే (నేను పెట్టిన కరెంట్ లిమిట్ తగలడమే) అని తెలుస్తోంది కానీ లిమిట్ పెంచుదామంటే 10 వోల్ట్స్, 100 మిల్లీ ఆంప్స్ అంటేనే 1 వాట్, ఆ చిన్న ప్యాకేజీ తట్టుకునేది సుమారు 0.4 వాటే కదా, అందుకే భయమేస్తోంది. పల్స్ మోడ్‌లో (వోల్టేజ్ కొద్ది క్షణాలే ఇచ్చి) తీస్తే సరిపోతుందా, పల్స్ ఎంత వెడల్పు పెట్టాలి?

ఇంకోటి, రెండు ఛానెల్స్‌వి LO (నెగటివ్) టెర్మినల్స్‌ని నేనే సోర్స్ పిన్ దగ్గర కలిపా, అది కరెక్టేనా? ఆన్ అయినప్పుడు రెసిస్టెన్స్ కొన్ని ఓమ్సే కాబట్టి డ్రెయిన్ వైపు ఫోర్ వైర్ సెన్స్ (వోల్టేజ్ కొలవడానికి విడిగా రెండు వైర్లు) పెట్టాలా, టూ వైర్ చాలా?

అలాగే ఔట్‌పుట్ ఆఫ్ చేసినప్పుడు హై ఇంపెడెన్స్ (కనెక్షన్ తీసేసినట్టు ఉండే) ఆప్షన్ పెడితే గేట్ మీద ఛార్జ్ ఉండిపోతుందేమో, జీరో వోల్ట్స్ ఆప్షనే మంచిదా? ముందు ఏ ఛానెల్ ఆన్ చేస్తారు మీరు? చేసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.