చిన్న ప్రైవేటు కాలేజీలో దూరవిద్య డిగ్రీ: చేరొచ్చా, వద్దా?

గాజువాక కుర్రాడు:
మా తమ్ముడు ఇంటర్ అయ్యాక ఆటోనగర్‌లో పనికి కుదిరాడు. షిఫ్టుల వల్ల రోజూ కాలేజీకి వెళ్లలేడు. ఇక్కడే ఒక చిన్న ప్రైవేటు కాలేజీ వాళ్లు దూరవిద్యలో బీకాం ఉందంటున్నారు. ఆదివారం క్లాసులు, వాయిదాల్లో ఫీజు. పట్టా ఇచ్చేది మాత్రం వేరే రాష్ట్రంలోని స్టేట్ యూనివర్సిటీ అట. నాన్న వద్దంటున్నారు, అమ్మ సరే అంటోంది. మీరేమంటారు?

ఎంవీపీ అక్క:
నాన్నగారి మాట వినండి. రాష్ట్ర యూనివర్సిటీ తన రాష్ట్రం దాటి దూరవిద్య నడపకూడదు. పూర్తి ఆన్‌లైన్ కోర్సుకైతే ఆ హద్దు లేదు, కానీ ఆదివారం క్లాసులంటున్నారంటే ఇది ఆన్‌లైన్ కోర్సు కాదు. 2017లో సుప్రీంకోర్టు నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు సరైన అనుమతి లేకుండా ఇచ్చిన దూరవిద్య ఇంజినీరింగ్ డిగ్రీలపై తీర్పు ఇచ్చింది గుర్తుందా? 2005 తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా డిగ్రీ లేనివాళ్లుగా మిగిలారు.

పాత లెక్చరర్:
అది ఇంజినీరింగ్ అమ్మా, బీకాంకి ముడిపెట్టకండి. చిన్న కాలేజీ అనగానే మోసం అనేయడమూ సరికాదు. నేను అలాంటి చోట దూరవిద్య విద్యార్థులకు ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పే కాంటాక్ట్ క్లాసులు తీసుకున్నాను. ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసేవాళ్లు, పెళ్లయి చదువు ఆగిపోయిన ఆడపిల్లలు వచ్చేవారు. పుస్తకాల కట్ట పోస్టులో వస్తే చాలామంది విప్పను కూడా విప్పరు. అకౌంట్స్‌లో ట్రయల్ బ్యాలెన్స్ లెక్క కలవకపోతే ఎవరినడగాలి? పెద్ద యూనివర్సిటీ కౌంటర్ దగ్గర అప్లికేషన్ తీసుకుంటారు గానీ, ఆ జవాబు దొరకదు.

షిప్‌యార్డ్ రిటైర్డ్:
మాస్టారూ, మీరు పాఠం చెప్పారు, కానీ డబ్బు తీసుకున్నది ఎవరు? మా బంధువుల అబ్బాయి ఇలాగే ఒక చోట కట్టాడు. రసీదు కాలేజీ పేరు మీద ఇచ్చారు. పరీక్షల నాటికి హాల్ టికెట్ లేదు, అడిగితే ‘యూనివర్సిటీలో లేట్ అవుతోంది’ అన్నారు. అసలు అతని పేరే అక్కడ నమోదు కాలేదు. యూనివర్సిటీలపై అజమాయిషీ చేసే యూజీసీ తన 2020 నిబంధనల్లో ఫ్రాంచైజీని, అంటే కోర్సు నడిపే పని బయటివాళ్లకి అప్పగించడాన్ని, ఊరికే నిషేధించిందా?

పాత లెక్చరర్:
ఆ నిబంధనల్లోనే కాలేజీ లెర్నర్ సపోర్ట్ సెంటర్‌గా ఉండొచ్చని కూడా ఉంది. అడ్మిషన్, పట్టా యూనివర్సిటీవి, పాఠం కాలేజీది. ఈ గీత దాటినవాడిని తిట్టండి, అందరినీ కాదు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు పెట్టినప్పుడూ ‘పోస్టులో డిగ్రీ’ అని నవ్వినవాళ్లున్నారు.

మధురవాడ హెచ్ఆర్:
మధ్యలో ఒక మాట. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీ సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. మేం చూసేది చేరిన సంవత్సరానికి ఆ కోర్సుకి అనుమతి ఉందా అన్నదే. ఆ జాబితా యూజీసీ దూరవిద్యా బ్యూరో సైట్‌లో ఉంటుంది. కాలేజీ గోడ మీది ఫ్లెక్సీ ఎవరూ చూడరు.

షిప్‌యార్డ్ రిటైర్డ్:
ఇంకోటి. ఇప్పుడు చేరేవాళ్లు ముందు తామే డెబ్ ఐడీ, అంటే ఆ దూరవిద్యా బ్యూరో ఇచ్చే విద్యార్థి నంబరు, తీసుకోవాలి. ఆ కాలేజీ వాళ్లను దాని గురించి అడిగి చూడు బాబూ.

గాజువాక కుర్రాడు:
అడిగానండీ. ‘అవన్నీ మేం చూసుకుంటాం, ఆధార్, మార్కుల మెమో ఒరిజినల్ ఇచ్చి వెళ్లండి’ అన్నారు.

ఎంవీపీ అక్క:
ఇచ్చేశారా?!

గాజువాక కుర్రాడు:
లేదక్కా. తమ్ముడి వీక్లీ ఆఫ్ నాడు నాన్నతో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్య ఆఫీసుకి, జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో రీజనల్ సెంటర్‌కి వెళ్తున్నాం. కానీ లెక్చరర్ గారన్నది కూడా నిజమే, వాడికి అకౌంట్స్ అంటేనే టెన్షన్. మా వైపు ఆదివారాలు చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా?

పాత లెక్చరర్:
నేనే ఉన్నాను. పంపించండి, ఫీజు సంగతి తర్వాత చూద్దాం.

షిప్‌యార్డ్ రిటైర్డ్:
ముందే మాట్లాడుకో బాబూ. రసీదు కూడా అడుగు.