2005 ఇరాక్ ఎన్నికలను దగ్గరగా చూసినవారు ఎవరైనా ఉన్నారా?

నమస్కారం. 2005 జనవరి 30న ఇరాక్‌లో జరిగిన ఎన్నికలపై అక్కడి సామాన్యులు ఎలా స్పందించారో తెలుసుకుని ఒక వ్యాసం రాయాలనుకుంటున్నాను. 2002లో సద్దాం హుస్సేన్ జరిపించిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి నూరు శాతం ఓట్లు ఆయనకే పడ్డాయని ప్రకటించిన దేశంలో, ఆ తరువాత మూడేళ్లు తిరగకముందే, బాంబు దాడుల మధ్య జనం బారులు తీరి, ఊదారంగు సిరాలో ముంచిన చూపుడు వేలిని పైకెత్తి చూపడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఓటు వేసినట్టు చెప్పే ఆ మరక దాడులు చేసేవారి కంటబడితే ప్రాణానికే ముప్పు కదా!

అయితే పత్రికలు ఎక్కువగా ఆ వేళ్ల ఫొటోలతోనే సరిపెట్టాయని నా అభిప్రాయం. దేశం మొత్తం మీద సుమారు 58 శాతం పోలింగ్ నమోదైతే, సున్నీ ముస్లింలు అధికంగా ఉండే అన్‌బార్ రాష్ట్రంలో అది దాదాపు 2 శాతమే. ఇంటి వద్దే ఉండిపోయిన ఆ కుటుంబాలలో భయం ఎక్కువా, ఎన్నికల బహిష్కరణ పట్ల నమ్మకం ఎక్కువా అన్నదే నా అసలు సందేహం.

ప్రవాస ఇరాకీల కోసం యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోనూ పోలింగ్ జరిగింది కనుక, ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన మనవారెవరైనా తమ ఇరాకీ సహోద్యోగులు ఏమనుకున్నారో చెప్పగలరా? పేర్లు అక్కరలేదు. విన్న మాటలకూ, సొంత ఊహకూ తేడా తెలిసేలా రాస్తే చాలు.