ఒడిశా సరిహద్దులో చిన్న రెసిడెన్షియల్ కాలేజీ: హాస్టల్లో ఎలా ఉంటుంది?

టెక్కలి అన్నయ్య:
మా చెల్లికి పర్లాకిమిడి, గుణుపూర్ మధ్య ఒక చిన్న రెసిడెన్షియల్ కాలేజీలో బీఎస్సీ సీటు వచ్చింది. కాలేజీ పేరు ఇక్కడ రాయను. పిల్లలు తక్కువ, చుట్టూ కొండలు, ఊరు కాస్త దూరం. ఫీజు మాకు అందుబాటులోనే ఉంది. చూడ్డానికి వెళ్లిన రోజు ల్యాబులు, కంప్యూటర్ గది, సెమినార్ హాలు అన్నీ తిప్పి చూపించారు. హాస్టల్ మాత్రం బయట నుంచే చూపించారు. అమ్మకు అదే బెంగ. ఆ వైపు చదివినవాళ్లు, పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గుణుపూర్ ప్యాసింజర్:
తమ్ముడూ, నేను ఆ లైన్లోనే ఇలాంటి ఒక కాలేజీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. ల్యాబులు చూశారు, మంచిదే. కానీ పిల్ల రోజులో ఎక్కువసేపు ఉండేది హాస్టల్లో. ముందు నీళ్ల సంగతి చూడండి.

అడ్మిషన్లు వానాకాలంలో జరుగుతాయి కాబట్టి ఆ రోజు ఏ కుళాయి తిప్పినా నీళ్లు ధారగా వస్తాయి. అసలు సంగతి ఏప్రిల్‌లో తెలుస్తుంది. మా హాస్టల్ మొత్తానికి ఒకటే బోరు. ఎండలు ముదిరాక కాసేపు మోటారు వేస్తే చాలు, నీళ్లాగిపోయి గాలి కొట్టేది. మేడ మీద ట్యాంకు నిండేది కాదు. తెల్లారకముందే కింద పంపు దగ్గర బకెట్లు బారులు తీరేవి. బకెట్ మీద పెయింట్‌తో రూమ్ నంబరు రాసుకోకపోతే సాయంత్రానికి అది ఎవరి గదిలో ఉంటుందో తెలిసేది కాదు. అందుకని బోర్లు ఎన్ని ఉన్నాయి, వేసవిలో ట్యాంకర్ తెప్పిస్తారా అని ఆఫీసులో కాకుండా సీనియర్ పిల్లల్ని అడగండి. తాగునీటి ఫిల్టర్ ఉందా అంటే ఎవరైనా ఉందనే అంటారు. గ్లాసుతో పట్టి తాగి చూడండి. బాత్‌రూమ్ తలుపులకు లోపల గడియలున్నాయా, వరండాలో రాత్రంతా లైటు వెలుగుతుందా అన్నది కూడా చూడండి. మొహమాటపడొద్దు, ఆడపిల్ల ఉండబోయే చోటు.

ఇక మెస్. అన్నం ఉప్పుడు బియ్యంతో వండుతారు. మన పచ్చిబియ్యం అన్నానికి అలవాటుపడ్డ పిల్లలకు మొదట్లో గింజ లావుగా, రుచి తేడాగా అనిపిస్తుంది. కొత్త పిల్లలు అర్ధాకలితో లేచిపోయేది ఆ రోజుల్లోనే. దాల్మా మాత్రం నాకు బాగా నచ్చింది. పప్పులో పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడి, వంకాయ ముక్కలు వేసి, దించాక వేయించిన జీలకర్ర పొడి చల్లుతారు. వేసవిలో మధ్యాహ్నం పఖాళ పెడతారు, అంటే మన తరవాణి అన్నం లాంటిదే. పక్కన వేయించిన వడియాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ఆ ఎండలకు అంతకంటే మంచి తిండి లేదు. సాంబారు, చారు రోజూ ఉంటాయని మాత్రం అనుకోవద్దు. మెస్ కమిటీలో పిల్లలు ఉన్నారో లేదో కనుక్కోండి. ఉన్నచోట కూర బాగోకపోతే చెప్పుకోడానికి ఒక మనిషి ఉంటారు, లేనిచోట కంచం పక్కన పెట్టి లేచిపోవడమే.

కాశీనగర్ కోడలు:
ఆవకాయ, కందిపొడి ఇచ్చి పంపండి, కానీ స్టీలు డబ్బాల్లో పెట్టండి. ప్లాస్టిక్ డబ్బాలు ఎలుకలు కొరికేస్తాయి. ట్రంకుపెట్టెకు మంచి తాళం కూడా.

హాస్టల్ దీదీ:
అన్నా, నేను ఇప్పుడు గజపతి జిల్లాలో ఇలాంటి చిన్న కాలేజీలోనే ఆఖరి ఏడు చదువుతున్నాను. ఆడపిల్లల హాస్టల్ సంగతి నేను చెప్తాను.

మా దగ్గర వార్డెన్ మేడమ్ పగలంతా ఉండేవారు, రాత్రి పర్లాకిమిడి వెళ్లిపోయేవారు. గేటుకు తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. ఒక రాత్రి మా గదిలో అమ్మాయికి చలిజ్వరం వచ్చింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు పటపటలాడుతూనే ఉన్నాయి. వాచ్‌మన్ ఫోన్ ఎత్తలేదు. మేడమ్‌కు చేస్తే పొద్దున్న చూద్దాం, పారాసిటమాల్ వెయ్యండి అన్నారు. మెస్‌లో వండే మౌసీ క్యాంపస్‌లోనే ఉంటుంది. మేం కిటికీలోంచి అరిస్తే ఆవిడే లేచి వచ్చి, వాచ్‌మన్‌ని లేపి, గేటు తీయించింది. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాం. వేలి మీద సూదితో గుచ్చి, చుక్క రక్తంతో అక్కడికక్కడే పరీక్ష చేశారు. మలేరియా, అందులోనూ ఫాల్సిపారం రకం. ఆలస్యమైతే మెదడుకు ఎక్కుతుందని నర్సు చెప్పినప్పుడు మా అందరికీ కాళ్లు వణికాయి. గజపతి, రాయగడ, కొరాపుట్ కొండల్లో ఈ రకం మలేరియా ఉందని అమ్మగారికి ముందే చెప్పండి. దోమతెర తప్పనిసరి. ఏ జ్వరమైనా రెండో రోజు దాకా ఆగకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఆ తర్వాత మేమంతా కలిసి రాసిస్తే ఇప్పుడు ఒక మేట్రన్ రాత్రిళ్లు హాస్టల్లోనే పడుకుంటున్నారు, తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అన్నా: రాత్రి తాళం ఎవరి దగ్గర, వాళ్లు ఎక్కడ పడుకుంటారు?

ర్యాగింగ్ గురించి కూడా అడుగుతారేమో. చిన్న కాలేజీల్లో అందరూ అందరికీ తెలుసు కాబట్టి తక్కువే. అయినా యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఫోన్లో సేవ్ చేసి ఉంచమనండి, ఎప్పుడు చేసినా పలుకుతారు.

పర్లాకిమిడి పంతులమ్మ:
బాబూ, భాష గురించి భయపడకండి. పర్లాకిమిడిలో బజారుకెళ్తే సగం బేరాలు తెలుగులోనే జరుగుతాయి. గుణుపూర్‌లోనూ తెలుగు నడుస్తుంది. క్లాసులో మాత్రం ఇంగ్లిష్, ఒడియా కలిపి చెప్తారు, కాస్త కష్టమైన చోట పూర్తిగా ఒడియాలోకి వెళ్లిపోతారు. అప్పుడు చెయ్యెత్తి ఇంగ్లిష్‌లో మళ్లీ చెప్పమని అడగాలి. మన పిల్లలు సిగ్గుపడి ఊరుకుంటారు, అక్కడే మార్కులు పోతాయి. ఒడియా అక్షరాలు సెలవుల్లోనే నేర్పించండి. బస్సు బోర్డు, నోటీసు బోర్డు చదవగలిగితే పిల్లకు సగం టెన్షన్ తగ్గుతుంది. భాషా సబ్జెక్టు కింద తెలుగు తీసుకోవచ్చా అని కూడా అడగండి. కాగితం మీద తెలుగు ఉన్నా చెప్పే లెక్చరర్ లేకపోతే పిల్ల సొంతంగా చదువుకోవాల్సిందే.

ఇంకొక మాట. ఆ హాస్టళ్లలో సవర పిల్లలు చాలామంది ఉంటారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నది ఈ కొండల మనుషుల దగ్గరే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మీ చెల్లెలు కూడా పక్కమంచం పిల్ల దగ్గర నాలుగు సవర మాటలు నేర్చుకుంటే ఆ స్నేహం జీవితాంతం ఉంటుంది. వసంత పంచమికి సరస్వతీ పూజ అక్కడ పిల్లలే చందాలేసుకుని చేస్తారు. ముగ్గులూ అలంకరణా అంతా వాళ్ల చేతుల మీదే. సంక్రాంతికి మాత్రం మనకిచ్చినన్ని సెలవులు ఇవ్వరు, పిల్ల బెంగపెట్టుకుంటుంది. ఆ వారం మీలో ఒకరు వెళ్లి చూసి రండి.

పాతపట్నం లెక్కల మాస్టారు:
ఫీజు తక్కువని చేర్చే ముందు రెండు విషయాలు ఆలోచించండి. ఒకటి, ఆంధ్రప్రదేశ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ మన రాష్ట్రంలో చదివేవాళ్లకు. సరిహద్దు దాటితే దాన్ని లెక్కలో వేసుకోకండి. రెండోది ఇంకా ముఖ్యం. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఇక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత అంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. డిగ్రీ ఒడిశాలో చేసి, రేపు పీజీకి ఇటు వస్తే ఆ లెక్క తప్పుతుంది. మిగిలిన 15 శాతంలో పోటీ పడొచ్చు, తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు రాష్ట్రంలో ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే చాలు. ఆ కాగితం ఇప్పుడే తీయించి పెట్టండి. వెళ్లొద్దని నేననడం లేదు. బరంపురం వైపే పీజీ చేస్తానంటే ఈ ఇబ్బంది లేదు.

టెక్కలి అన్నయ్య:
మాస్టారూ, ఈ స్థానికత సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్. దీదీ, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. లైబ్రరీ, నెట్, రాకపోకలు ఎలా ఉంటాయి?

గుణుపూర్ ప్యాసింజర్:
లైబ్రరీ చాలా చోట్ల సాయంత్రం ఐదింటికే మూసేస్తారు, క్లాసులయ్యేదీ అప్పుడే. రాత్రి రీడింగ్ రూమ్ ఉందా అని అడగండి. వైఫై పేరుకే ఉంటుంది, మేడ మీదకెక్కితే ఒక కంపెనీ సిగ్నల్ వస్తుంది. అది ఏ కంపెనీదో అక్కడి పిల్లల్ని అడిగి ఆ సిమ్ కొనండి.

కరెంటు పోతే ఏం చేస్తారన్నది కూడా ముఖ్యమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను హాస్టల్లోనే ఉన్నాను. కరెంటు లేదు, మోటారు లేదు, రోడ్ల మీద చెట్లు పడిపోయాయి. వాన ఆగాక ప్రిన్సిపాల్ సారే పంచె ఎగ్గట్టి పిల్లలతో కలిసి గేటు ముందు చెట్టు కొట్టించారు, ఆయన ఇంటి బావి మీదే మేమందరం బతికాం. చిన్న కాలేజీలో ఆ దగ్గరితనం నిజంగా ఉంటుంది. కానీ జనరేటర్ ఉండి, అందులో డీజిల్ కూడా ఉంటే ఇంకా మంచిది.

రాకపోకలకు రైలే నయం. 2011లో గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజ్ వచ్చినప్పటి నుంచి నౌపడ, టెక్కలి వైపు వాళ్లకు బాగా సులువైంది. రోజుకు నడిచే బళ్లు కొద్దే, తప్పిపోతే బస్సే గతి.

హాస్టల్ దీదీ:
బస్సులో ఆడవాళ్లకు ఉచితం పాతపట్నం దాకానే. సరిహద్దు దాటే సర్వీసులకు అది వర్తించదు. పాతపట్నంలో దిగి ఆటో ఎక్కితే పర్లాకిమిడి దగ్గరే. చీకటి పడకముందే చేరేలా బయల్దేరమనండి.

టెక్కలి అన్నయ్య:
వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి హాస్టల్ లోపల చూడకుండా ఫీజు కట్టం.

హాస్టల్ దీదీ:
మిమ్మల్ని గేటు దగ్గరే ఆపేస్తారన్నా, మగవాళ్లని లోపలికి రానివ్వరు. అమ్మగారిని తీసుకెళ్లండి, ఆవిడనైతే గదుల దాకా రానిస్తారు. రాత్రి భోజనాల వేళ దాకా ఉండి, వీలైతే ఆ పూట మెస్‌లోనే తినమనండి. పిల్లలు అప్పుడే నోరు విప్పి మాట్లాడతారు.