అప్‌డేట్: మీరు చెప్పిన స్టార్‌డ్యూ వ్యాలీనే ఆడుతున్నా

పోయిన నెల అడిగాను కదా, ఆఫీసు నుంచి వచ్చాక టెన్షన్ లేకుండా ఆడుకునే గేమ్ ఏదైనా చెప్పండని. ఎక్కువమంది స్టార్‌డ్యూ వ్యాలీ అన్నారు, అదే కొన్నాను. 2016లో వచ్చిన, పొలం సాగు చేసుకునే గేమ్. బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే చేశాడంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

మొదట్లోనే 15 పార్స్‌నిప్ (క్యారెట్‌లాంటి తెల్ల దుంప) విత్తనాలు ఇస్తారు, నాటి రోజూ నీళ్లు పోస్తే గేమ్‌లో నాలుగు రోజుల్లో చేతికొస్తాయి, ఆ మొదటి పంట పీకినప్పుడు ఎంత ఆనందమేసిందో! కానీ కాలీఫ్లవర్ ఇంకొక్క రోజులో కోతకొస్తుందనగా వసంతం అయిపోయి మొత్తం ఎండిపోయింది, చాలా బాధేసింది. ఒక్కో సీజన్ 28 రోజులే, లెక్క చూసుకుని నాటండి.

చేపలు పట్టడం ఇంకా రాలేదు. మా చెల్లి కూడా చేరింది, ఇద్దరం ఒకే పొలంలో ఆడుతున్నాం. చెప్పినవాళ్లందరికీ థాంక్స్.