కోరపన్ను రాలేదు, త్రీడీ స్కాన్ తీయించాలా?

రాయగడ_వాణి: మా పాపకి 13 నిండాయి. పై కుడి కోరపన్ను ఇంకా రాలేదు, పాలపన్ను ఊడలేదు. ఓపీజీ (పళ్ళన్నీ ఒకేసారి పడే ఎక్స్‌రే) తీస్తే లోపల అడ్డంగా పడుకుని ఉందట. క్లిప్పులు వేసే ముందు విశాఖలో సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించుకు రమ్మన్నారు. ఎక్స్‌రే ఉండగా మళ్ళీ ఇదెందుకండీ? చిన్నపిల్లకి రేడియేషన్ అంటే టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి_శ్రీను: అక్కా, మావాడిదీ ఇదే కేసు. ఓపీజీలో పన్ను కనిపిస్తుంది గానీ పెదవి వైపు ఉందో, అంగిలి వైపు ఉందో తేల్చి చెప్పలేరు. చిగురు ఎటు కోసి పన్నుకి దాన్ని కిందికి లాగే గొలుసు తగిలించాలో తెలియాలంటే అదే ముఖ్యం. మావాడి స్కాన్‌లో ఇంకోటి బయటపడింది. కోరపన్ను ఒత్తిడికి పక్క పన్ను వేరు అరిగిపోతోంది. ఓపీజీలో రెండూ ఒకదాని మీద ఒకటి పడటంతో ఆ సంగతే తెలియలేదు.

బరంపురం_ఆర్థో_పీజీ: పక్క నుంచి తీసే తల ఎక్స్‌రే, అంటే సెఫలోగ్రామ్, 1931 నుంచీ ఉంది. అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్‌రాత్ అదే ఏడాది ప్రకటించారు. దవడ ముందుకుందా, వెనక్కుందా అని కోణాలు కొలవడానికి ఇప్పటికీ చాలామందికి అదే చాలు. కానీ కుడి దవడ, ఎడమ దవడ అందులో ఒకే నీడగా పడతాయి. సీబీసీటీలో కోను ఆకారపు కిరణం తల చుట్టూ తిరుగుతూ వందల చిత్రాలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని కలిపి ఎముకని అసలు కొలతలో, అన్ని వైపుల నుంచీ చూపిస్తుంది. లోపల చిక్కుకున్న పన్ను, గ్రహణమొర్రి, ఒక పక్కకి ఒరిగిన గడ్డం, దవడ ఆపరేషన్... వీటికి బాగా పనికొస్తుంది. క్లిప్పులు వేయించుకునే ప్రతి పిల్లకీ తీయడం మాత్రం తప్పు. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ రేడియాలజీ 2013లో ఇదే చెప్పింది. వాణి గారూ, మీ పాపకి ముఖమంతా అక్కర్లేదు, పై దవడ ముందు భాగం చాలు. చీటీలో 'స్మాల్ ఫీల్డ్' అని రాయించండి, డోసు బాగా తగ్గుతుంది.

బల్లార్షా_రమేష్: నాకు గడ్డం ఎడమకి వాలి ఉంటుంది. నాగపూర్‌లో ముఖమంతా స్కాన్ చేసి, స్క్రీన్ మీద పుర్రెని తిప్పి చూపించారు. ఎడమ దవడ ఎముక చెవి కింద పొట్టిగా ఉంది, కుడివైపు మామూలుగానే ఉంది. అన్నేళ్ళూ పళ్ళ వంకరే అనుకున్నాం. ఒక్క మాట, ప్రింట్లు చాలవు. డైకామ్ ఫైళ్ళు (కంప్యూటర్‌లో తిప్పి చూసుకునే అసలు స్కాన్) ఉన్న సీడీ అడిగి తెచ్చుకోండి. నాకు ఇవ్వలేదు, రెండో డాక్టరు మళ్ళీ తీయించారు. కమ్మలు, ముక్కుపుడక తీసేయమంటారు. పాపని కదలకుండా ఉండమనండి, కదిలితే బొమ్మ చెదిరిపోతుంది.

రాయగడ_వాణి: డాక్టరు గారు స్మాల్ ఫీల్డ్ అనే రాసిచ్చారు. సెంటర్‌కి ఫోన్ చేస్తే సీడీ ఇస్తామన్నారు. సోమవారం బండికి బయల్దేరుతున్నాం. శ్రీనూ, మీవాడి పన్ను కిందికి రావడానికి ఎన్నాళ్ళు పట్టింది?

పర్లాకిమిడి_శ్రీను: ఏడాది దాటిందక్కా. ముందు ఆ వేరుకి తగలకుండా వెనక్కి లాగి, తర్వాతే కిందికి దించారు.